గినీపంది అన్న మాట

పోయిన ఆదివారం ఒక మిత్రుడి ఇంట భోజనానికి వెళ్ళాను. పప్పు, గోంగూర, మజ్జిగపులుసు దాకా అంతా సవ్యంగానే నడిచింది. పెరుగన్నం దగ్గర మాట మందుల మీదికి మళ్ళింది. మిత్రుడు పత్రికలు శ్రద్ధగా చదివే మనిషి, పేదవాడి పక్షం మాట్లాడే మనిషి. "మందుల కంపెనీలకు మనవాళ్ళు గినీపందులయ్యా! కాన్సరుకు కొత్త మందంటారు, కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, పోయినవాడు పోతాడు, వాళ్ళు కోట్లు గడిస్తారు" అన్నాడు. చుట్టూ కూర్చున్న నలుగురూ తలలూపారు. నేను ఊపలేదు. ఊపకపోగా గొంతు కూడా పెంచాను. ఎంగిలి చేతులు ఎండిపోయేదాకా వాదించుకున్నాం. అక్కడ సరిగ్గా చెప్పలేకపోయినది ఇక్కడ చెప్పుకుంటున్నాను. తీరికగా దెబ్బలాడే సౌకర్యం భోజనాల వేళ ఉండదు కదా.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నవాణ్ణే. 1997లో, అనకూడని మనిషితో అన్నాను.

మా మేనమామ తెనాలి దగ్గర పల్లెలో లెక్కల మాస్టారు. 1994 చివర్లో ఆయనకు ఎడమ డొక్కలో ఎప్పుడూ ఏదో బరువు వేలాడుతున్నట్టు ఉండేది. అజీర్ణమనుకొని వాము నమిలాడు కొన్నాళ్ళు. గుంటూరులో రక్తపరీక్ష చేయిస్తే తెల్లకణాల లెక్క రెండు లక్షలు దాటింది. ఉండవలసినవి నాలుగు వేల నుంచి పదకొండు వేలు. డొక్కలో బరువు ఉబ్బిన ప్లీహానిది. జబ్బు పేరు క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా. లక్షమందిలో ఏడాదికి ఒకరికో ఇద్దరికో వచ్చే రక్తకాన్సరు. "లక్షలో ఒకణ్ణన్నమాట! మా హెడ్మాస్టరు ఇన్నేళ్ళూ ఒప్పుకోనేలేదు" అని నవ్వాడాయన ఆ రోజు.

మన సినిమాలలో రక్తకాన్సరంటే కథానాయకుడు రెండుసార్లు దగ్గి, జేబురుమాలు మీద ఎర్రమరక చూసుకొని, పాట పాడి పోతాడు. ఈ జబ్బు అలా ఉండదు. మూడు నాలుగేళ్ళు, ఒక్కొక్కరికి ఇంకా ఎక్కువే, మనిషి బడికి వెళుతూ, పాఠాలు చెబుతూ, లోపల చెదపట్టిన గుమ్మంలా నిలబడి ఉంటాడు. ఆ తరువాత ఒకరోజు ఎముకమూలుగలోంచి పక్వానికి రాని కణాలు వరదలా వచ్చి పడతాయి. దాన్ని 'బ్లాస్ట్ దశ' అంటారు. అప్పుడిక నెలలే.

ఆనాటి వైద్యం మూడు రకాలు. హైడ్రాక్సీయూరియా గొట్టం మాత్రలు కణాల సంఖ్య తగ్గిస్తాయి, జబ్బును కదిలించవు. మూలుగ మార్పిడికి తోబుట్టువు మూలుగ కుదరాలి. ఆయనకున్న ఒక్క తోబుట్టువు మా అమ్మ, ఆమెది కుదరలేదు. మిగిలింది ఇంటర్‌ఫెరాన్ సూదిమందు. ఎకరం పొలం అమ్మి అది మొదలుపెట్టారు. రోజూ సూది, రోజూ చలిజ్వరం, ఒళ్ళు నొప్పులు, అన్నిటినీ మించి మనసు ముసురు పట్టిపోవడం. లెక్క తప్పితే నవ్వి దిద్దే మనిషి పిల్లల మీద కేకలు వేయడం మొదలుపెట్టాడు. అయిదు నెలలకు డబ్బూ అయిపోయింది, ఆయన ఓపికా అయిపోయింది.

1997 వేసవిలో నేను హైదరాబాదు నుంచి వెళ్ళినప్పుడు నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకొని, "పెద్దాసుపత్రులలో ఈ జబ్బుకు కొత్త మందేదన్నా పరీక్షిస్తున్నారేమో కనుక్కోరా. ఉంటే నన్ను చేర్చుకుంటారేమో ఉత్తరం వ్రాసి అడుగు" అన్నాడు. నేను అప్పుడు చదువుకున్నవాడిని, అంటే నాలుగు వ్యాసాలు చదివినవాడిని. "నిన్ను గినీపందిని చేస్తారు మామయ్యా" అన్నాను.

"గినీపందిని ఎవరూ అడగరురా. నేను అడుగుతున్నాను కదా" అన్నాడాయన.

ఆ ఉత్తరం నేను వ్రాయలేదు. 1998 నవంబరులో ఆయన పోయాడు.

అదే ఏడాది జూన్‌లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లండ్ నగరంలో, ఇదే జబ్బుతో ఉన్న ఒక మనిషి ఒక కొత్త మందు తొలి మోతాదు మింగాడు. ఆ సంగతి నాకు 2001లో తెలిసింది. ఉత్తరం వ్రాసి ఉంటే మామయ్య బతికేవాడని నేను అనను. ఆ పరీక్ష అప్పటికి పోర్ట్‌లండ్, లాస్ ఏంజెలిస్, హ్యూస్టన్‌లలో తప్ప ఎక్కడా లేదు. తెనాలి నుంచి హ్యూస్టన్ ఎంత దూరమో నాకు తెలుసు. కాని ఆయన అడిగినది ఉత్తరం. నేను ఇచ్చినది ఒక మాట. ఆ మాట మీదే నా తగాదా.

ఇక్కడ కొంచెం భాష సంగతి. 'క్లినికల్ ట్రయల్'ను మన పత్రికలవారు 'ప్రయోగం' అంటారు. నిఘంటువు ప్రకారం తప్పు లేదు. కాని మన ఊళ్ళలో 'వాడి మీద ఎవరో ప్రయోగం చేశారు' అంటే అర్థమేమిటి? చేతబడి. నిమ్మకాయలు, పసుపు బొమ్మ, అర్ధరాత్రి శ్మశానం. 'రోగుల మీద ప్రయోగం' అన్న శీర్షిక చదవగానే మన కడుపులో కదిలేది వైద్యశాస్త్రం కాదు, ఆ పసుపు బొమ్మే. నేను 'పరీక్ష' అంటాను. పరీక్షలో పరీక్షకు నిలబడేది మందు, మనిషి కాదు. ఇది చమత్కారం కోసం అంటున్నది కాదు, మొత్తం వ్యవహారం ఈ తేడాలోనే ఉంది.

ఆ మందు పరీక్ష ఎలా జరిగిందో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. నా మిత్రుడు ఊహించుకున్నట్టు మాత్రం జరగలేదు.

1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఈ జబ్బు ఉన్నవారి కణాలలో ఒక క్రోమోసోము మామూలుకన్నా పొట్టిగా ఉండటం గమనించారు. దానికి ఆ ఊరి పేరే స్థిరపడింది. 1973లో షికాగోలో జానెట్ రౌలీ అది ఎందుకు పొట్టిదైందో తేల్చింది. 9వ క్రోమోసోమూ 22వ క్రోమోసోమూ తునకలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ఆ అతుకు దగ్గర రెండు జన్యువులు ఒకటై, ఆపడం తెలియని ఒక ఎంజైమును తయారు చేస్తాయి. వీధి కుళాయికి పిడి విరిగిపోతే నీళ్ళు ఎలా ఆగకుండా కారుతాయో, కణాలు అలా పుడుతూనే ఉంటాయి. బాసెల్‌లోని సీబా-గైగీ కంపెనీలో నికొలస్ లిడన్ బృందం ఆ ఎంజైము నోరు మూసే అణువును తయారు చేసింది. ఒరెగాన్ వైద్యుడు బ్రయన్ డ్రూకర్ దాన్ని రోగుల కణాల మీద పరీక్షశాలలో చూసి, ఇది పని చేస్తుందని పట్టుబట్టాడు. అదే ఇమాటినిబ్. ఈలోగా 1996లో కంపెనీలు కలిసిపోయి నొవార్టిస్ అయింది. అక్కడ ఉత్సాహం చల్లబడింది. కుక్కలకు ఇస్తే కాలేయం చెడింది. పైగా జబ్బు అరుదైనది. ఇంత తక్కువమంది కొనే మందు మీద ఇంత ఖర్చా అన్న సందేహం. అరుదైన జబ్బు ఉన్నవాడి దౌర్భాగ్యం ఇదే, వాడు సంతకు కూడా చిన్నవాడే.

చివరికి 1998లో పరీక్ష మొదలైంది. ఇంటర్‌ఫెరాన్ పని చేయనివారినీ, తట్టుకోలేనివారినీ, అంటే అచ్చంగా మా మామయ్యలాంటివారిని చేర్చుకున్నారు. తొలి దశ మొత్తానికి 83 మంది. మొదటివారికి ఇచ్చినది రోజుకు 25 మిల్లీగ్రాములు. అక్కడి నుంచి పధ్నాలుగు మెట్లుగా 1000 మిల్లీగ్రాముల దాకా పెంచుకుంటూ పోయారు, ఒక మెట్టు మీద ప్రమాదం లేదని చూసుకున్నాకే తరువాతి మెట్టు. ఈనాడు ఈ జబ్బుకు మామూలుగా ఇచ్చేది 400. మొదటి మెట్ల మీద నిలబడ్డవారు మింగిన మోతాదు జబ్బును ఆపడానికి చాలదని ఇప్పుడు మనకు తెలుసు. ఎలా తెలుసు? వాళ్ళు మింగారు కనుక తెలుసు. 300, ఆపైన ఇచ్చిన 54 మందిలో 53 మందికి రక్తం మామూలుకు వచ్చింది, చాలామందికి నాలుగు వారాలలోనే. 2001 ఏప్రిల్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, మే 10న అమెరికా ప్రభుత్వం మందుకు అనుమతినిచ్చింది.

బ్లాస్ట్ దశలో చేరినవారి కథ వేరు. వాళ్ళలోనూ చాలామందికి మొదట గుణం కనిపించింది, తరువాత ఎక్కువమందికి జబ్బు తిరగబెట్టింది. ఆ తిరగబెట్టినవారి కణాలను చదివే, జబ్బు మందును ఎలా తప్పించుకుంటుందో తెలుసుకున్నారు. రెండవ తరం మందులకు దారి అక్కడ దొరికింది.

నా మిత్రుడికి గినీపందులు కనిపించిన చోట నాకు కనిపించేది ఇది. 1999లో తొలి ఫలితాల వార్త రోగుల మధ్య పాకినప్పుడు అందరికీ సరిపడా మందు లేదు. కంపెనీ చాలినంత తయారు చేయడం లేదు. అప్పుడు మాంట్రియల్‌లో ఇదే జబ్బుతో ఉన్న ఒక యువతి అంతర్జాలంలో విన్నపపత్రం పెట్టి, వేల సంతకాలు పోగుచేసి కంపెనీ అధిపతికి పంపింది. మాకు మందు పెంచి ఇవ్వండి, పరీక్షలో చేర్చుకోండి అని. కంపెనీ ఉత్పత్తి పెంచింది, ఆమెకు పోర్ట్‌లండ్ పరీక్షలో చోటు దొరికింది. గినీపందులు విన్నపపత్రాలు వ్రాయడం ఎక్కడైనా విన్నామా?

ఆ తరువాత వచ్చింది అసలు పెద్ద పరీక్ష. 2000 జూన్ నుంచి 2001 జనవరి దాకా 16 దేశాలలో 1106 మందిని చేర్చుకున్నారు. సగంమందికి, 553 మందికి, ఇమాటినిబ్. మిగతా 553 మందికి ఇంటర్‌ఫెరాన్, దానికి తోడు సైటరబిన్ అనే మరొక మందు. ఎవరికి ఏది అన్నది చీటీ నిర్ణయిస్తుంది. భోజనాల దగ్గర నా మిత్రుడు పట్టుకున్నది దీన్నే. "కొత్త మందు బాగా పని చేస్తోందని తెలిసి కూడా సగంమందికి పాతది ఇచ్చారంటే అది నరబలి కాదా?" అన్నాడు.

ఈ ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. ఇంటర్‌ఫెరాన్ ఏం చేస్తుందో మా ఇంట్లో చూశాను. కాని అప్పటికి తెలిసినదెంత? ఇంటర్‌ఫెరాన్ ఓడిపోయినవారిలో, కొద్ది నెలలపాటు, కొద్దిమందిలో రక్తం బాగుపడిందని తెలుసు. కొత్తగా జబ్బు పడ్డవారికి మొదటి మందుగా ఇదే ఇవ్వవచ్చునా, రెండేళ్ళకు ఎలా ఉంటారు, పదేళ్ళకు ఎలా ఉంటారు, తెలియదు. మొదట్లో మెరిసి తరువాత మసిబారిన కాన్సరు మందుల చరిత్ర చిన్నదేమీ కాదు. పోల్చి చూడనిదే ఏ వైద్యుడైనా చెప్పగలిగినది నమ్మకమే, జ్ఞానం కాదు. రెండవ సగంవారికి ఇచ్చినది పంచదార మాత్రా కాదు, ఆనాటికి చేతిలో ఉన్న మేలైన మందు. అది పని చేయకపోయినా, పడకపోయినా రెండవ వైపుకు మారే వీలు నియమావళిలోనే వ్రాసి పెట్టారు. తరువాతి ఏళ్ళలో మూడింట రెండు వంతుల మంది అలా మారారు కూడా. చీటీ ఇంటర్‌ఫెరాన్ వైపు పడగానే పరీక్షనే వదిలి వెళ్ళినవారూ ఉన్నారు. వెళ్ళనిచ్చారు. పద్దెనిమిది నెలలకు లెక్క చూస్తే ఫిలడెల్ఫియా క్రోమోసోము పూర్తిగా కనుమరుగైనవారు ఇమాటినిబ్ వైపు నూటికి 76 మంది, ఇంటర్‌ఫెరాన్ వైపు 14 మంది. ఇమాటినిబ్‌తో మొదలుపెట్టినవారిలో పదేళ్ళ తరువాత కూడా నూటికి 83 మంది బతికి ఉన్నారు. దానికి ముందు ఈ జబ్బుతో మనుషులు బతికినది సగటున అయిదారేళ్ళు.

ఆ 553 మంది ఇంటర్‌ఫెరాన్ సూదులు పొడిపించుకొని జ్వరంతో వణకకపోయి ఉంటే ఆ 76కీ 14కీ మధ్య దూరం ఎవరికీ తెలిసేది కాదు. అలాంటివారిని గినీపందులంటే కోపం రాదా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ మాట మోటుగా ఉందన్నది నా ఫిర్యాదు కాదు. మోటు మాటలు నాకూ వచ్చు. అది ఎవరికి పనికివస్తోందో చూడమంటున్నాను. గినీపందికి ఫలితంలో వాటా ఉండదు. పరీక్ష అయ్యాక దానికి ఎవరూ ఏమీ బాకీ ఉండరు. మందు విజయవంతమైందని విందు చేసుకునేటప్పుడు బోను వైపు ఎవరూ చూడరు. కంపెనీకి లాభసాటి అయిన బొమ్మ ఇదే. రోగి మీద జాలితో మనం వాడుతున్న మాట, రోగికి హక్కులేమీ లేవని చెప్పదలచినవాడి వాదానికి పునాది వేస్తోంది. అదే ఆ 83 మందీ, ఆ 1106 మందీ తెలిసి, అడిగి, ఒప్పుకొని, తమ నెత్తురునూ తమ మిగిలిన నెలలనూ పెట్టుబడిగా పెట్టిన భాగస్వాములనుకోండి. అప్పుడు ధర సంగతి వేరుగా వినిపిస్తుంది.

ధర ఎలా ఉండిందో చెబుతాను. 2001లో అమెరికాలో ఏడాదికి సుమారు 30 వేల డాలర్లు. ఈ మందు జబ్బును తుడిచిపెట్టదు, అణచి ఉంచుతుంది. కనుక చాలామంది ఏళ్ళ తరబడి, కొందరు జీవితాంతం మింగవలసిందే. పరీక్షల ఖర్చు ఎప్పుడో తీరిపోయింది, కొత్తగా కనిపెట్టినది ఏమీ లేదు, రోగులు బతికి ఉండటం వల్ల కొనేవారి సంఖ్య ఏటేటా పెరిగింది. ధర తగ్గాలి కదా? 2012 నాటికి 92 వేల డాలర్లయింది. 2013లో ఈ జబ్బు చూసే వైద్యనిపుణులు వందమందికి పైగా, హ్యూస్టన్‌లోని హగోప్ కంటార్జియన్ నాయకత్వాన, ఈ ధరలు అన్యాయమని 'బ్లడ్' పత్రికలో వ్రాశారు. వాళ్ళు పరీక్షలకు శత్రువులు కాదు, జీవితమంతా మందులను పరీక్షించినవారే.

మన దేశంలో ఈ కథకు హైదరాబాదు తలుపు ఒకటుంది. అప్పట్లో మన చట్టం మందు తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చేది, మందుకు కాదు. అందువల్ల హైదరాబాదుకు చెందిన నాట్కో కంపెనీ 2003లో ఇదే మందును తన పేరుతో తెచ్చింది. నెలకు నొవార్టిస్ మందు ధర సుమారు లక్షా ఇరవై వేల రూపాయలు, మనవాళ్ళది ఎనిమిది పది వేలు. మామయ్యలాంటి బడిపంతులుకు మొదటిది ఇంచుమించు ఏడాది జీతం. 2003 నవంబరులో నొవార్టిస్ ప్రత్యేక విక్రయ హక్కు సంపాదించి, కొన్ని కంపెనీలపై కోర్టు నిషేధాజ్ఞలు తెచ్చింది. 2006 జనవరిలో చెన్నైలోని పేటెంటు కార్యాలయం దాని దరఖాస్తును తోసిపుచ్చింది. 2007లో మద్రాసు హైకోర్టు, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా కంపెనీ వాదం ఒప్పుకోలేదు. తెలిసిన పదార్థానికి కొత్త స్ఫటికరూపం చూపించినంత మాత్రాన చాలదు, రోగం నయం చేయడంలో అది పాతదానికన్నా మేలని చూపాలన్నది చట్టంలోని 3(డి) నిబంధన. ఆ వ్యాజ్యంలో రోగుల పక్షాన కాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ నిలబడింది. గినీపందులు కోర్టుకు కూడా వెళ్ళవు, గమనించగలరు.

న్యాయంగా మరొక ముక్క చెప్పాలి. నొవార్టిస్ మన దేశంలో వేలమంది రోగులకు ఆ మందు ఉచితంగా ఇచ్చింది. ఆ మాత్రలతో బతికినవారు ఉన్నారు, వాళ్ళ ఎదుట నిలబడి దాన్ని ఎద్దేవా చేయలేను. కాని దానం వేరు, వాటా వేరు. దానం ఇచ్చేవాడి దయ. ఈ ఏడు ఇచ్చి వచ్చే ఏడు మానితే అడగడానికి లేదు. పొలంలో కలిసి దున్నినవాడికి కుప్ప దగ్గర గింజలు కొలిచి ఇవ్వాలి, గుప్పెడు దోసిట్లో పోసి దణ్ణం పెట్టమనకూడదు. ఇక అమెరికాలో చవక ఇమాటినిబ్ అంగళ్ళకు వచ్చింది 2016 ఫిబ్రవరిలో. మందును మొదట మింగిన పోర్ట్‌లండ్ కన్నా హైదరాబాదు పన్నెండు పదమూడేళ్ళు ముందున్నది.

"మన దగ్గర ఒప్పుకోలు ఎక్కడుంది? వేలిముద్ర ఉంటుంది" అన్నాడు మిత్రుడు, చేయి కడుక్కుంటూ. ఈ దెబ్బ మాత్రం నాకు గట్టిగానే తగిలింది. 2009లో ఖమ్మం జిల్లాలో ఆదివాసీ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కాన్సరు రాకుండా టీకా వేశారు. తల్లిదండ్రులు పెట్టవలసిన సంతకాలు చాలాచోట్ల హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీసంఘం తప్పుపట్టింది. ఆ టీకా చెడ్డదని నేను అనను, అది ఎందరినో కాపాడే టీకా. అడగకుండా వేయడం తప్పు. మందు మంచిదైనా తప్పే. చూశారా, అక్కడ కూడా మామయ్య చెప్పిన గీటురాయే పనికివస్తోంది. అడగడం, అడిగించుకోవడం, కాదనే వీలుండటం. అది లేనిచోట దాన్ని నేరమని పిలుద్దాం, నేరగాణ్ణి పేరు పెట్టి పిలుద్దాం. ఆ నేరం పేరుతో పరీక్షలన్నిటినీ ఊడ్చిపారేస్తే నష్టపోయేది కంపెనీ కాదు, అది మరొక దేశంలో పరీక్షించుకుంటుంది. నష్టపోయేవాడు లక్షలో ఒకడు. వాడికి పరీక్షించిన మందు దొరకదు. పరీక్షించనివి మాత్రం ఊరూరా దొరుకుతాయి. గోమూత్రం నుంచి గోళీల దాకా, గ్యారంటీ వైద్యం, ఫలితం లేకుంటే డబ్బు వాపసు! మామయ్య చేత కూడా ఒక ఆకుపసరు మూడు నెలలు తాగించాం. దాన్ని ఎవరూ ప్రయోగం అనలేదు.

పరీక్ష చక్కగా జరిగితే ఏమవుతుందో మన గడ్డ మీదే చూస్తున్నాం. రోగి సొంత రక్తకణాలను తీసి, కాన్సరు మీదికి పంపేలా మలచి, తిరిగి ఎక్కించే కార్-టీ చికిత్సను ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి రూపొందించి మన రోగులలోనే పరీక్షించాయి. 2023 అక్టోబరులో దానికి అనుమతి వచ్చింది. ధర అమెరికా చికిత్స ధరలో ఇంచుమించు పదోవంతన్నారు. అయినా లక్షలే. తెనాలి అరుగు మీది నుంచి చూస్తే అది కూడా దూరమే. ఈ దూరం గురించి పోట్లాడదాం రండి అంటే నేను సిద్ధం.

పోట్లాడవలసిన చోటు నాకు ఒకటి కనిపిస్తోంది. 2019లో మన దేశంలో కొత్త మందుల పరీక్షలకు నియమాలు వచ్చాయి. పరీక్షలో పాల్గొన్నవారికి పరీక్ష ముగిశాక కూడా ఆ మందు ఉచితంగా ఇవ్వడం గురించి అందులో 27వ నియమం ఉంది. చదివి సంతోషించాను, మళ్ళీ చదివి ఉసూరుమన్నాను. పరీక్ష జరిపిన వైద్యుడు సిఫారసు చేయాలి, నైతికసంఘం ఆమోదించాలి, ఆ జబ్బుకు మరో చికిత్స లేకుండా ఉండాలి, ఏమైనా జరిగితే కంపెనీకి బాధ్యత లేదని రోగి వ్రాసి ఇవ్వాలి. ఇమాటినిబ్ పరీక్ష ఈ నియమం కింద జరిగి ఉంటే, 'మరో చికిత్స ఉంది కదా, ఇంటర్‌ఫెరాన్' అని ఎవరైనా అడ్డం చెప్పగలిగేవారు. పరీక్షలో చేరిన ప్రతివారికీ, అందులో మేలని తేలిన వైద్యం అందేలా చూడాలని ప్రపంచ వైద్యసంఘం తన హెల్సింకి ప్రకటనలో 2000లోనే చేర్చింది. మనం దాన్ని సిఫారసుగా, షరతుల మీద దొరికే ఉపకారంగా మార్చుకున్నాం. ఆ షరతులు తీసివేయాలి. మేలు కలిగినవాడికి మందు ఇవ్వడం విధి కావాలి. ఇక్కడి రోగులలో పరీక్షించిన మందు ఇక్కడ ఏ ధరకు అమ్ముతారో పరీక్షకు ముందే వ్రాసి ఇవ్వాలి. ఆ కాగితం తెలుగులో ఉండాలి, మామయ్య ఎనిమిదో తరగతి పిల్లలకు అర్థమయ్యే తెలుగులో. ఇవి అడగడానికి మనకు నోరు రావాలంటే, ముందు ఆ రోగి వాటాదారు అని మనం ఒప్పుకోవాలి.

మా మిత్రుడు ఇది చదువుతాడు. చదివి ఊరుకోడు, 83 మందిలో 53 మందే ఎందుకు లెక్కపెట్టావని మొదలుపెడతాడు (54 అని పైన వ్రాశాను, తొందరపడవద్దు). వచ్చే ఆదివారం భోజనం మా ఇంట. చేతులు కడుక్కున్నాకే వాదన అని ఇంట్లో షరతు పెట్టారు.